వాట్సాప్ గ్రూప్‌లో అందరూ ఉన్నారు, అటార్నీ తప్ప: ఒక న్యూజెర్సీ ఇంటి ఫైలు

నేను లాయర్‌ని కాదు. సెంట్రల్ న్యూజెర్సీలో ఒక రియల్ ఎస్టేట్ అటార్నీ ఆఫీసులో పారాలీగల్‌ని, అంటే సలహా చెప్పేది, సంతకం పెట్టేది మా అటార్నీ, ఫైలు మోసేది నేను. మా దగ్గరికి ఇల్లు కొనుక్కోడానికి వచ్చేవాళ్ళలో మనవాళ్ళు బాగా ఎక్కువ, అందుకే ఈ కేసు తెలుగులో రాయాలనిపించింది. క్లయింట్లని అడిగి, వాళ్ళు సరే అన్నాకే రాస్తున్నా, గుర్తుపట్టే వివరాలు, అంకెలు కొన్ని మార్చాను.

భార్యాభర్తలు, ఇద్దరూ హెచ్ 1బి మీద ఐటీ ఉద్యోగాలు. ఆవిడది కరీంనగర్, ఆయనది తెనాలి. ఎడిసన్‌లో 1960లలో కట్టిన ఇల్లు, ధర 6.85 లక్షల డాలర్లు, అందులో 50,000 డిపాజిట్‌గా అప్పటికే సెల్లర్ అటార్నీ ట్రస్ట్ అకౌంట్‌లో ఉంది. అమ్మేవాళ్ళు పెద్దవాళ్ళు, పిల్లల దగ్గరికి వెళ్ళిపోతున్నారు, ఇల్లు దాదాపు ఖాళీ చేసేశారు. చూడ్డానికి ఏ గొడవా లేని ఫైలు.

కాకపోతే అది మా దగ్గరికి సగంలో వచ్చింది. ఒక మంగళవారం సాయంత్రం ఆవిడ ఫోన్ చేసి, "అక్కా, మా లాయర్ గారు ఫోన్ ఎత్తట్లేదు, మెయిల్‌కి జవాబు లేదు, శుక్రవారం ఏదో డేట్ ఉందట, ఏజెంటేమో ఏం పర్లేదు నేను చూసుకుంటా అంటున్నాడు, నాకెందుకో భయంగా ఉంది" అన్నారు. కాంట్రాక్ట్ పంపించమని చూస్తే ఆ ఏదో డేట్ అన్నది మార్ట్‌గేజ్ కంటింజెన్సీ డేట్, అంటే లోన్ రాకపోతే కాంట్రాక్ట్ వదులుకుని డిపాజిట్ వెనక్కి అడగొచ్చు అనే షరతుకి గడువు. వాళ్ళ రైడర్‌లో, అంటే కాంట్రాక్ట్‌కి జతచేసిన అదనపు షరతుల కాగితంలో, రాసినదాని ప్రకారం ఆ రోజు సాయంత్రం 5 లోపు లోన్ రాలేదనో, ఇంకా టైమ్ కావాలనో మన అటార్నీ అవతలి అటార్నీకి రాయకపోతే ఆ కంటింజెన్సీ వదులుకున్నట్టే. తర్వాత లోన్ రాకపోయినా ఆ 50,000 మీద మనకి గట్టిగా మాట్లాడే హక్కు ఉండదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఈ దంపతులు ఏమీ నిర్లక్ష్యంగా లేరు. వాళ్ళకో వాట్సాప్ గ్రూప్ ఉంది, అందులో వీళ్ళిద్దరూ, వీళ్ళ ఏజెంటు, లోన్ ఆఫీసరు, ఇంతకుముందే ఇల్లు కొన్న అనుభవంతో ఆవిడ అన్నయ్య. పొద్దున లేస్తే అందులోనే మాటలు, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు అందులోనే, లోన్ కాగితాలు అందులోనే, ఏజెంటు స్క్రీన్‌షాట్లు అందులోనే. అటార్నీ ఒక్కడే లేడు. ఎందుకు లేడంటే "లాయర్ గారిని ప్రతి చిన్నదానికీ ఇబ్బంది పెట్టడం ఎందుకని" అన్నారు. మనవాళ్ళకి ఈ మొహమాటం చాలా ఉంటుంది, లాయర్ అంటే కోర్టు, ఫోన్ చేస్తే మీటర్ తిరుగుతుంది అనే లెక్క ఇంకా బుర్రలోంచి పోలేదు. ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు చాలామంది అటార్నీలు తీసుకునేది ఫ్లాట్ ఫీజు, ఒక్కసారి ఫోన్ చేసినా ఇరవైసార్లు చేసినా అదే డబ్బు, ఆ సంగతి ఎంగేజ్‌మెంట్ లెటర్‌లో రాసే ఉంటుంది, ఎవరూ చదవరు.

న్యూజెర్సీ పద్ధతి తెలియనివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. ఇక్కడ కాంట్రాక్ట్ నింపేది రియల్టర్ ఏజెంట్లే. అది లాయర్ల పని కదా అని స్టేట్ బార్, అంటే లాయర్ల సంఘం వాళ్ళు కేసు వేస్తే చివరికి రాజీ కుదిరి 1983లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు దానికి ఒప్పుకుంది. ఏజెంట్లు కాంట్రాక్ట్ నింపొచ్చు, కానీ ఒకటి నుంచి నాలుగు కుటుంబాల ఇళ్ళ కాంట్రాక్టుల్లో అటార్నీ రివ్యూ క్లాజు ఉండి తీరాలి, సంతకాలైన కాపీ రెండు పక్షాలకీ అందాక మూడు బిజినెస్ రోజుల్లో ఎవరి అటార్నీ అయినా ఒప్పుకోం అని రాయొచ్చు. అలా ఎవరూ రాయకపోతే కాంట్రాక్ట్ ఉన్నదున్నట్టు ఖాయం. సౌత్ జెర్సీలో చాలామంది అసలు అటార్నీ లేకుండానే క్లోజింగ్, అంటే చివరి సంతకాలు పెట్టి డబ్బు కట్టి ఇల్లు చేతులు మారడం, చేసేసుకుంటారు, దానికీ 1995లో సుప్రీంకోర్టు కొన్ని షరతులతో సరే అంది, మా ఎడిసన్ వైపు మాత్రం రెండు పక్కలా అటార్నీలు ఉంటారు.

మనవాళ్ళు దీన్ని రెండు రకాలుగా తప్పు అర్థం చేసుకుంటారు. కొందరు మూడు రోజులే కదా అనుకుంటారు, నిజానికి మొదటి లెటర్ వెళ్ళాక రివ్యూ వారమో పది రోజులో నడుస్తుంది, అది అయ్యేదాకా అమ్మేవాళ్ళు ఎక్కువ రేటు ఇచ్చే ఇంకొకరికి ఇచ్చేసినా మనం ఏమీ చెయ్యలేం. ఇంకొందరు రివ్యూ అయిపోయింది ఇక లాయర్ పని క్లోజింగ్ రోజే అనుకుంటారు, వీళ్ళూ అదే అనుకున్నారు. కానీ అసలు తేదీలన్నీ రివ్యూ అయిన రోజు నుంచే మొదలవుతాయి. ఇన్‌స్పెక్షన్‌కి ఇన్ని రోజులు, లోన్‌కి ఇన్ని రోజులు, ప్రతిదానికీ గడువు లోపల కాగితం ఒక అటార్నీ నుంచి ఇంకో అటార్నీకి వెళ్ళాలి.

కాగితం ఎలా పంపాలి అనేదాని మీద కూడా ఒక కేసుంది, కాన్లీ వర్సెస్ గెరెరో అని, 2017లో తేలింది. అప్పటి ఫారమ్‌లో "ఒప్పుకోం" అనే నోటీసు సర్టిఫైడ్ మెయిల్, టెలిగ్రామ్ లేదా స్వయంగా అందజేయడం ద్వారా అని ఉండేది (మన ఇండియాలో టెలిగ్రామ్ 2013లోనే మూసేశారు, ఇక్కడ కాంట్రాక్టుల్లో మాత్రం అప్పటికీ బతికే ఉంది). అమ్మేవాళ్ళ అటార్నీ ఈమెయిల్‌లో పంపితే కొనేవాళ్ళు అది చెల్లదన్నారు, కోర్టు మాత్రం మీకు అందిందా లేదా, అందింది కదా, చెల్లుతుంది అంది, ఇకమీదట ఈమెయిల్, ఫ్యాక్స్ కూడా వాడొచ్చు అని చెప్పింది. అంటే పంపే దారి విషయంలో కోర్టు పట్టు సడలించింది గానీ, గడువులోపు రాతపూర్వకంగా అవతలివాళ్ళకి చేరాలి అన్నదాన్ని ముట్టుకోలేదు. ఏజెంటు ఏజెంటుతో ఫోన్‌లో అనుకున్నది ఈ లెక్కలోకే రాదు.

ఇక మా ఫైలులో ఆ ఫోన్‌లో అనుకున్నది ఏంటంటే, ఆయిల్ ట్యాంకు.

ఆ కాలం ఇళ్ళలో చాలావాటికి అప్పట్లో ఆయిల్ హీటింగ్ ఉండేది, ట్యాంకు పెరట్లో భూమిలో పాతేవాళ్ళు. తర్వాత గ్యాస్ లైన్ వచ్చాక ట్యాంకు అక్కడే మర్చిపోయేవాళ్ళు. ఇక్కడ ఇన్‌స్పెక్టర్ బేస్‌మెంట్ గోడలోంచి బయటికొచ్చి, చివర్లు సుత్తితో కొట్టి చదును చేసినట్టున్న రెండు సన్నటి రాగి పైపులు చూసి, ట్యాంక్ స్వీప్, అంటే నేలలో ట్యాంకు ఉందేమో పరికరంతో వెతికించడం, చేయించండి అన్నాడు. చేయించారు, వెనక మెట్ల పక్కన నేలలో ఏదో పెద్ద లోహపు వస్తువు ఉందని రిపోర్టు వచ్చింది. ఇంటి లోపాల గురించి అమ్మేవాళ్ళు నింపిచ్చిన డిస్‌క్లోజర్‌ ఫారమ్‌లో భూగర్భ ట్యాంకు ప్రశ్నకి "తెలియదు" అని టిక్ పెట్టి ఉంది.

న్యూజెర్సీలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. స్పిల్ యాక్ట్ అనే ఇక్కడి కాలుష్య చట్టం ప్రకారం ఆయిల్ కారిందని తెలిసి, లేదా తెలుసుకోగలిగి ఉండీ కొంటే, అది ఎవరి హయాంలో కారినా శుభ్రం చేయించే బాధ్యత కొన్నవాళ్ళ మెడకీ చుట్టుకుంటుంది. మట్టి తవ్వించి, భూగర్భజలం దాకా వెళ్ళిందంటే ఖర్చుకి అంతుండదు. ఈ దంపతులు రిపోర్టు రాగానే గ్రూప్‌లో పెట్టారు, ఏజెంటు అవతలి ఏజెంటుకి ఫోన్ చేశాడు, రెండు గంటల్లో స్క్రీన్‌షాట్ వచ్చింది, "సెల్లర్ విల్ టేక్ కేర్" అని, కింద దండం పెట్టే ఎమోజీలు. ఆవిడ రిపోర్టుని మొదటి లాయర్‌కి కూడా మెయిల్ చేశారు పాపం, ఆయన చూశాడో లేదో తెలీదు, అవతలి అటార్నీకి మాత్రం ఏ లెటరూ వెళ్ళలేదు. మా దగ్గరికి వచ్చేసరికి ఇన్‌స్పెక్షన్ గడువు దాటి అయిదు రోజులైంది.

మొదటి లాయర్ని తిట్టిపోయడం తేలిక, నేనైతే చెడ్డవాడనను. ఒక్కడే ఆఫీసు, వసంతకాలంలో ఫైళ్ళు మీద పడతాయి, క్లయింట్ మెయిల్ సబ్జెక్ట్ లైన్‌లో "ఎఫ్‌వైఐ" అని ఉంటే అది రేపటికి, రేపటిది ఎల్లుండికి పోతుంది. అలాగని ఊరుకోవాల్సిన పని కూడా లేదు. న్యూజెర్సీ లాయర్ల ప్రవర్తనా నియమాల్లో 1.4 అని ఒకటుంది, క్లయింట్‌కి ఎప్పటికప్పుడు పరిస్థితి చెప్పాలి, సమాచారం అడిగితే వెంటనే ఇవ్వాలి అని అందులో ఉంది. లాయర్ని ఎప్పుడైనా మార్చుకునే హక్కు క్లయింట్‌కి ఉంది, మార్చినప్పుడు ఫైలు ఇచ్చెయ్యాలి. మేం మెయిల్ డ్రాఫ్ట్ చేసిచ్చాం, మూడు లైన్లు, మర్యాదగానే. బుధవారం మధ్యాహ్నానికి ఆయన ఫైలు పంపేశాడు, ఫోన్ చేసి మంచిగానే మాట్లాడాడు కూడా. ఫైలులో రివ్యూ లెటర్లు పద్ధతిగా ఉన్నాయి, లా పరంగా వంక పెట్టేది ఏమీ లేదు. రివ్యూ అయిన రోజు తర్వాత మాత్రం ఒక్క కాగితం లేదు.

అదే సాయంత్రం మా అటార్నీ వాళ్ళిద్దరితో వీడియో కాల్ పెట్టారు. ఆవిడ ట్యాంకు గురించి చెప్పబోతే ఆగమని, ముందు మా అటార్నీ అడిగే పాత ప్రశ్నలు అడిగారు. టైటిల్ మీద ఎవరెవరి పేర్లు, ఎవరైనా ఊరు వెళ్తున్నారా, డబ్బు ఎక్కడెక్కడి నుంచి వస్తోంది, ఈ ఇంటికి సంబంధించి ఏదైనా తేదీ మీరు ఎవరికైనా మాటిచ్చారా. ఈ నాలుగిట్లోంచి బయటపడ్డవి చూడండి. ఆయన శనివారం రాత్రి ఫ్లైట్‌కి హైదరాబాద్ వెళ్తున్నారు, నాన్నగారికి బైపాస్, పనిలో పనిగా వీసా స్టాంపింగ్ కూడా పెట్టుకున్నారు. 60,000 డాలర్లు కరీంనగర్ నుంచి మామగారు పంపాలి, ఇంకా పంపలేదు. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేసి వందమందికి చెప్పేశారు, ఎందుకంటే అది దాటితే మూఢం, మూఢం తర్వాత ఆషాఢం, మళ్ళీ శ్రావణం దాకా మంచిరోజు లేదట. ఇవన్నీ ఆ వాట్సాప్ గ్రూప్‌లో అందరికీ తెలుసు. మీ లాయర్‌కి చెప్పారా అంటే ఆయన కొంచెం ఇబ్బందిగా, "వాళ్ళు అడగలేదు కదండీ" అన్నారు.

నిజమే, అడగలేదు. క్లయింట్‌కి ఏది ముఖ్యమో తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా లేదు, అది అడిగి రాబట్టుకోవడం మా పని. నాన్నగారి ఆపరేషన్‌కి ఇంటి కాంట్రాక్ట్‌కి సంబంధం ఉందని మామూలు మనిషికి ఎందుకు తడుతుంది.

గురువారం పొద్దున ముందు ట్యాంకు, లోన్ కలిపి చూశాం. ఇన్‌స్పెక్షన్ హక్కు పోయింది, దాని మీద వాదించి లాభం లేదు. కానీ లోన్ కంటింజెన్సీ ఇంకా బతికే ఉంది, శుక్రవారం 5 దాకా. లోన్ కావాలంటే హోమ్ ఇన్సూరెన్స్ ఉండాలి. మా అటార్నీ ఆవిడకి చెప్పింది ఒకటే, ఇన్సూరెన్స్ కంపెనీలకి ట్యాంకు ఉన్న సంగతి దాచకుండా చెప్పి కోట్ అడగండి, వాళ్ళు ఏం చెప్పినా మెయిల్‌లో తీసుకోండి అని. సాయంత్రానికి ఒక కంపెనీ ట్యాంకు తీసేసిన కాగితాలు చూపిస్తే తప్ప పాలసీ ఇవ్వం అని రాసింది. ఆ మెయిల్ బంగారం. దాన్ని జతచేసి అవతలి అటార్నీకి లెటర్ వెళ్ళింది. లోన్ షరతు తీరాలంటే ఇన్సూరెన్స్ కావాలి, ఇన్సూరెన్స్ రావాలంటే ట్యాంకు పోవాలి, కాబట్టి మార్ట్‌గేజ్ కంటింజెన్సీ మూడు వారాలు పొడిగించండి, ట్యాంకుని టౌన్‌షిప్ పర్మిట్‌తో మీ ఖర్చుతో తీయించి మట్టి పరీక్ష రిపోర్టు ఇవ్వండి, కుదరకపోతే కాంట్రాక్ట్ రద్దు, డిపాజిట్ వాపసు. లెటర్ పంపి ఊరుకోకుండా మా అటార్నీ ఫోన్ కూడా చేశారు, అవతలి అటార్నీ అప్పుడే మొదటిసారి ట్యాంకు మాట విన్నాడట. రెండు పక్కల ఏజెంట్లకి, అమ్మేవాళ్ళకి, కొనేవాళ్ళకి, లోన్ ఆఫీసరుకి తెలిసిన విషయం అటార్నీల మధ్య నడిచిన ఒక్క కాగితంలోనూ లేదు, ఈ ఫైలు మొత్తం ఇదే అనుకోండి.

అమ్మేవాళ్ళు ఒప్పుకున్నారు. మంచితనం కొంత, లెక్క కొంత. వీళ్ళు వెళ్ళిపోయినా ఇక "తెలియదు" అని టిక్ పెట్టడానికి లేదు, స్వీప్ రిపోర్టు చేతికొచ్చాక వచ్చే ప్రతి కొనుగోలుదారుకీ చెప్పాల్సిందే. శుక్రవారం మధ్యాహ్నం 3 దాటాక పొడిగింపు మీద సంతకాలు చేరాయి.

లోన్ విషయంలో ఇంకో మెలిక ఉంది. గ్రూప్‌లో అప్పటికే "కమిట్‌మెంట్ వచ్చేసింది", అంటే లోన్ ఇస్తామని లెండర్ లెటర్ ఇచ్చేసింది అని సంబరాలు అయిపోయాయి. లెటర్ మూడో పేజీ చూస్తే షరతుల్లో గిఫ్ట్ డబ్బు వచ్చినట్టు రుజువు, గిఫ్ట్ లెటర్, ఇచ్చినవాళ్ళ బ్యాంకు స్టేట్‌మెంట్ అన్నీ అడిగారు. మామగారు పంపాల్సింది దాదాపు 51 లక్షల రూపాయలు. ఇండియాలో లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ కింద ఒక మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు, కాబట్టి పరిమితి సమస్య కాదు, కానీ గిఫ్ట్ అయితే ఏడాదిలో 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే పన్ను, పట్టుకుంటుంది. అంటే 41 లక్షల మీద 8 లక్షల 20 వేలు అదనంగా చేతిలో ఉండాలి, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది గానీ ముందైతే కట్టాలి. మామగారికి ఆ సంగతి బ్యాంకులో కూర్చున్నాక తెలిసి ఆగిపోయారు, అల్లుడికి చెప్పడానికి మొహమాటపడ్డారు, అందుకే డబ్బు రాలేదు! అత్తగారి అకౌంట్‌లో ఉన్న డబ్బు అత్తగారి పేరు మీదే పంపితే ఇద్దరికీ విడివిడిగా 10 లక్షల మినహాయింపు వస్తుంది, వాళ్ళ ఆడిటర్ కూడా అదే చెప్పాడట. ఇండియా ట్యాక్స్ సలహా మా పని కాదు, మేం చేసింది లెండర్ని ముందే అడగడం, ఇద్దరు దాతలుంటే రెండు గిఫ్ట్ లెటర్లు సరేనా అని, సరే అని మెయిల్‌లో తీసుకోవడం.

అన్నిటికంటే తొందరైంది పవర్ ఆఫ్ అటార్నీ (పీఓఏ), అంటే ఆయన లేనప్పుడు ఆయన తరఫున ఆవిడ సంతకం పెట్టడానికి అధికారమిచ్చే కాగితం. ఆయనేమో "రెండు వారాలేనండీ, క్లోజింగ్‌కి వచ్చేస్తా" అంటారు. స్టాంపింగ్‌కి వెళ్ళేవాళ్ళందరూ అనే మాటే ఇది. ఇండియా వెళ్ళాక పీఓఏ చేయాలంటే కాన్సులేట్‌లో నోటరీ అపాయింట్‌మెంట్ దొరకాలి, లేదా అక్కడి నోటరీ తర్వాత అపోస్టిల్, అంటే వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వ ధ్రువీకరణ, చేయించాలి, ఒరిజినల్ కొరియర్‌లో రావాలి. న్యూజెర్సీలో 2021 నుంచి రిమోట్ ఆన్‌లైన్ నోటరీకి చట్టం ఉంది గానీ లెండరు, ఇంటి హక్కు కాగితాలు చూసే టైటిల్ కంపెనీ ఇద్దరూ ఒప్పుకోవాలి, ఈ లెండర్ దేశం బయట ఉన్నవాళ్ళకి ఒప్పుకోం అని తేల్చేసింది. కాబట్టి శుక్రవారం లోపు ఇక్కడే సంతకం.

డ్రాఫ్ట్ ముందు లెండర్‌కి పంపాం, చాలామంది ముందు సంతకం పెట్టించి తర్వాత పంపుతారు, లెండర్ ఏదో పదం మార్చమంటుంది, అప్పటికి మనిషి దేశంలో ఉండడు. ఇంటి అడ్రస్సు, ఏ లావాదేవీ కోసం, ఎప్పటిదాకా చెల్లుతుంది అన్నీ అందులో ఉండాలన్నారు. అక్కడ పేరు దగ్గర పడింది ముడి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, డ్రైవర్ లైసెన్సులో ఇంటిపేరూ పేరూ తిరగబడి, కాంట్రాక్ట్‌లో ఏజెంటు ఇంటిపేరు మొదటి అక్షరం మాత్రమే పెట్టి నింపాడు, ఒక మనిషికి మూడు పేర్లు. లోన్ కాగితాల్లో ఏ పేరుంటే పీఓఏలో సరిగ్గా అదే ఉండాలి, లేకపోతే లెండర్ తీసుకోదు. మనవాళ్ళ ఫైళ్ళలో ఇది ఎంత మామూలంటే నేను మొదటి రోజే పాస్‌పోర్టు, లైసెన్సు రెండు కాపీలూ అడుగుతా. అన్నిచోట్లా పాస్‌పోర్టు పేరుకి మార్పించి, మిగతా పేర్లూ ఇతనివే అని ఒక నేమ్ అఫిడవిట్ పెట్టాం. శుక్రవారం సాయంత్రం ఆయన మా ఆఫీసులో నోటరీ ముందు సంతకం పెట్టారు, మరుసటి రాత్రి ఫ్లైట్ ఎక్కారు.

హైదరాబాద్‌లో నాన్నగారి ఆపరేషన్ బాగా జరిగింది. స్టాంపింగ్‌లో మాత్రం 221 జి స్లిప్ చేతిలో పెట్టారు, అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్ అని, ఎప్పుడు తేలుతుందో ఎవరూ చెప్పరు.

ట్యాంకు తీసే రోజు నేను చూడలేదు, ఫొటోలు చూశాను, తుప్పు పట్టి ఉంది గానీ చిల్లులు లేవు, టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టర్ గుంట పూడ్చకముందే వచ్చి చూశాడు, మట్టి శాంపిల్స్ ల్యాబులో బాగానే వచ్చాయి. కారి ఉంటే స్టేట్ పర్యావరణ శాఖ హాట్‌లైన్‌కి ఫోన్ చేయాల్సి వచ్చేది, అప్పుడిక నెలలే. ఇన్సూరెన్స్ వచ్చేసింది. పచ్చిక అంతా పాడైందని, దానికి 2,500 డాలర్లు క్రెడిట్ ఇవ్వడానికి అమ్మేవాళ్ళు ఒప్పుకున్నారు, ఈసారి ఎవరూ స్క్రీన్‌షాట్ పెట్టలేదు, లెటర్ మీద రెండు పక్కలా సంతకాలయ్యాయి.

కానీ ఈ పనితో క్లోజింగ్ ముహూర్తం దాటిపోయింది, ముహూర్తం గురువారం, క్లోజింగ్ తర్వాతి సోమవారం. కాంట్రాక్ట్‌లో తేదీ పక్కన "ఆన్ ఆర్ అబౌట్" అని ఉంటుంది, అంటే ఆ రోజు అటూ ఇటూ. ఎవరూ కావాలని ఆలస్యం చేయనప్పుడు నాలుగు రోజుల కోసం టైమ్ ఆఫ్ ది ఎసెన్స్ లెటర్, అంటే ఫలానా రోజుకి క్లోజింగ్ చేసి తీరాలనే లెటర్, పంపడం కూడా కుదరదు, అది తేదీ దాటాక, మళ్ళీ సబబైన గడువిచ్చి పంపేది. ఆవిడ ఏడ్చినంత పని చేశారు. మా అటార్నీకి క్లోజింగ్‌కి ముందు ఇంట్లోకి వెళ్ళడం అస్సలు ఇష్టం ఉండదు, ఎవరైనా జారిపడితే ఎవరి ఇన్సూరెన్సు అని. చివరికి నేను ఒక మెయిల్ రాసిచ్చాను, మాకు కొత్తింట్లో మొదట స్టవ్ మీద పాలు పొంగించడం ఆనవాయితీ, దానికి రెండు గంటలు చాలు, సామాన్లు పెట్టరు, తాళాలు తీసుకోరు, ఏజెంటు అక్కడే ఉంటాడు, నష్టం జరిగితే వీళ్ళదే బాధ్యత అని. అవతలి అటార్నీ జవాబులో ఒక్క ప్రశ్నే వేశాడు, పాలు కావాలనే పొంగిస్తారా అని. అవునంటే, హోమం మాత్రం వద్దు, స్మోక్ డిటెక్టర్ సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకున్నాం అని సరే అన్నాడు. ఆయన లేకుండా గృహప్రవేశం ఏంటని పెద్దవాళ్ళు గొణిగితే పంతులు గారే, ఇప్పటికి పాలు పొంగించండి, వ్రతం శ్రావణంలో ఆయన వచ్చాక చేసుకుందురు అన్నారట.

లోన్, ఖర్చుల చివరి లెక్క ఉండే క్లోజింగ్ డిస్‌క్లోజర్ క్లోజింగ్‌కి మూడు బిజినెస్ రోజుల ముందు చేతికి రావాలి, వచ్చింది, అందులో 2,500 క్రెడిట్ లేదు. లెండర్‌కి లెటర్ పంపినా వేరే విభాగంలో ఆగిపోయిందట. మార్చమంటే మళ్ళీ మూడు రోజులు ఆగాలేమో అని ఆవిడ భయపడి, పోనీలే అక్కా వదిలేద్దాం అన్నారు. అక్కర్లేదు, ఏపీఆర్ (ఫీజులు కూడా కలిపి లెక్కేసిన ఏడాది వడ్డీ రేటు) పరిమితి దాటి మారడం, లోన్ రకం మారడం, ప్రీపేమెంట్ పెనాల్టీ చేరడం, ఈ మూడిటికే మళ్ళీ గడువు మొదలవుతుంది. క్రెడిట్‌కి కాదు. ఆ సాయంత్రమే సరిచేసిన కాపీ వచ్చింది.

శుక్రవారం హైదరాబాద్‌లో రాత్రి పొద్దుపోయాక ఆయనకి టైటిల్ కంపెనీ పేరుతో మెయిల్ వచ్చింది, అకౌంట్ నంబర్ మారింది, ఈ కొత్తదానికి వైర్ చేయండి అని. డబ్బు ఆయన అకౌంట్‌లోనే ఉంది. మేం మొదటి రోజు ఇచ్చిన కాగితంలో వైర్ వివరాలు ఈమెయిల్‌లో ఎప్పటికీ మారవు, మారాయంటే ముందు మాకు ఫోన్ చేయండి అని పెద్దక్షరాల్లో ఉంటుంది, ఆయన చేశారు. పంపినవాళ్ళ అడ్రస్సులో ఒక అక్షరం తేడా. టైటిల్ కంపెనీకి పాత ఫైల్లో ఉన్న నంబర్‌కి చేసి కనుక్కుంటే వాళ్ళేమీ మార్చలేదన్నారు. దీని మీద ఇంతకంటే రాయడానికి లేదు, వైర్ వెళ్ళిపోయాక తిరిగి రావడం చాలా కష్టం, అంతే.

సోమవారం క్లోజింగ్. ఆయన బతికే ఉన్నారని, పీఓఏ రద్దు చేయలేదని టైటిల్ వాళ్ళు అఫిడవిట్ తీసుకున్నారు, ఆవిడ ఆయనకి వీడియో కాల్ చేసి మొహం చూపించారు. తర్వాత ప్రతి కాగితం మీదా రెండు సంతకాలు, ఒకటి తనది, రెండోది ఆయన పూర్తి పేరు రాసి, బై అని తన పేరు రాసి, యాజ్ అటార్నీ ఇన్ ఫ్యాక్ట్ అని. ఆ పాస్‌పోర్టు పేరు నాలుగు ముక్కలు. సగం దాటాక చెయ్యి దులుపుకుంటూ, "పెళ్ళిలో కూడా ఈయన పేరు ఇన్నిసార్లు రాయలేదక్కా" అన్నారు.

డీడ్‌తో పాటు ఒరిజినల్ పీఓఏ కూడా న్యూ బ్రన్స్‌విక్‌లోని మిడిల్‌సెక్స్ కౌంటీ క్లర్క్ దగ్గర రికార్డు కావాలి, అందుకే స్కాన్ చాలదు, ఒరిజినల్ టైటిల్ వాళ్ళకి ఇచ్చేశాం. కొన్ని వారాలకి ఆయన తిరిగొచ్చాక ఫోన్ చేసి, నా తరఫున సంతకం పెట్టే హక్కు ఆవిడకి ఇంకా ఉందా, క్యాన్సిల్ చేయించాలా అని అడిగారు. ఆ పీఓఏ ఈ ఒక్క ఇల్లు కొనడానికే, చివరి తేదీ కూడా అందులో రాసి ఉంది, అది దాటింది, విడిగా చేయించాల్సింది ఏమీ లేదు అని మా అటార్నీ చెప్పమన్నారు, చెప్పాను, మెయిల్‌లో కూడా పెట్టాను.